కాలీఫ్లవర్ కమ్మలు

శాంతకుమారి బ్లేడును కొంగుకు తుడుస్తుంది, చూస్తుంది, మళ్ళీ తుడుస్తుంది. పుంగనూరులో పాలిమర్ మట్టితో కమ్మలు చేస్తుంది. ఒకరోజు కూరకు కాలీఫ్లవర్ విడదీస్తుంటే ప్రతి రెమ్మా మొత్తం పువ్వులాగే కనిపించింది. అలాగే చిన్న పువ్వులు చేర్చి పెద్ద పువ్వుగా, రంగుమట్టి కడ్డీ లోపల పేర్చింది. కడ్డీని సన్నగా సాగదీసింది. అడ్డంగా బిళ్ళలుగా కోస్తే ప్రతి బిళ్ళలోనూ ఆ పువ్వే కనపడాలి, ఆ బిళ్ళలే కమ్మలు. లోపల పువ్వు నిలిచిందో చెదిరిందో కోస్తేగాని తెలియదు. మళ్ళీ చేయడానికి ఇంట్లో వేరే మట్టి లేదు. మర్నాడు సాయంత్రానికి బెంగళూరు అంగడికి నమూనా కమ్మలు చేరాలి.

“దాన్ని ఊయల్లో పండబెడతావా వదినా? కోయి” అంది ఆడబిడ్డ అనూష.

“కోసినాక మళ్ళా అతకదమ్మా.”

కడ్డీకి కవరు చుట్టింది. విప్పి చూసి, మళ్ళీ చుట్టింది.

మర్నాడు పొద్దున్నే కోసింది. మొదటి ముక్కలో రంగులు కలిసిపోయాయి. దాన్ని తన చెవికని పక్కన పెట్టుకుని, బ్లేడు ఒక్కసారే తుడిచి, రెండో ముక్క కోసింది.