యాదగిరి కొలిమిలో పెట్టిన ముక్క

1976 వేసవిలో జహనుమా దగ్గరి ఒక ఉక్కు ఫౌండ్రీలో జూనియర్ మెటలర్జిస్టుగా చేరాను. ఏడాది ప్రొబేషన్. గుంటూరు నుంచి కొత్తగా వచ్చి, సైదాబాదులో గది తీసుకుని, సైకిలు మీద వెళ్ళివచ్చేవాణ్ణి. రాళ్ళు నలగ్గొట్టే క్రషర్లకు, రాయిని మధ్యలో ఇరికించి నొక్కే దవడ పలకలు పోయడం మా ప్రధానమైన పని.

వాటికి వాడేది మాంగనీసు ఉక్కు. మామూలు ఉక్కును కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడి పెళుసవుతుంది. ఇది అందుకు తలకిందులు. పోసినప్పుడు పెళుసుగా ఉంటుంది, కాల్చి ముంచాకే ఎంత దెబ్బనైనా తట్టుకుంటుంది. అందుకే పోతకు అంటుకుని మిగిలే అదనపు దిమ్మను, అంటే రైజర్‌ను, కొలిమికి ముందే సమ్మెటతో కొట్టి ఊడదీసి పక్కన పారేస్తారు. తర్వాతైతే అది ఒక పట్టాన ఊడిరాదు.

పలకలు త్వరగా అరిగిపోతున్నాయని జల్‌పల్లి వైపు క్వారీవాళ్ళు గొడవ చేస్తున్నారు. వనేడియం అనే లోహం కలుపుదామన్నది నేనే. కొద్దిపాటి వనేడియం కర్బనంతో కలిసి సన్నని కార్బైడ్ రేణువులై ఉక్కుకు బలమిస్తుంది. మోతాదు మించినా, పోత నిదానంగా చల్లారినా, అలాంటి కార్బైడ్లే ఉక్కు గింజల అంచుల్లో పేరుకుని సాగే గుణాన్ని తినేస్తాయి. ఇదంతా చదివినవాణ్ణే. అయినా మేనేజరు దగ్గర మెప్పు పొందాలని కాస్త ధారాళంగానే కలిపించాను.

బొటనవేలంత మందం పరీక్ష కడ్డీ పోసి, పలకలతోపాటే కాల్చి ముంచాం. బలం పెరిగింది, వంచితే పగుళ్ళూ రాలేదు. వర్క్స్ మేనేజరు భుజం తట్టారు. పలకలు పరీక్షలో నెగ్గాయన్న సర్టిఫికెట్ మీద గర్వంగా సంతకం పెట్టాను.

మర్నాడు పొద్దున పలకలు లారీకి ఎక్కిస్తుంటే కొలిమి మేస్త్రీ యాదగిరి నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. నేను పుట్టకముందు నుంచీ కొలిమి దగ్గరున్న మనిషి.

“సార్, సన్న కడ్డీ నీళ్ళల్ల పడంగనే సల్లగైతది. గీ పలక మందం జూసిన్రా? దీని నడుమ ఏమైందో ఎవలకెర్క?” అన్నాడు.

వంగి పలక మందం చూశాను. అతనే మెల్లగా అసలు సంగతి చెప్పాడు. పలకంత మందమున్న రైజర్ ముక్కనొకదాన్ని పారేయకుండా పలకలతోపాటే కొలిమిలో పెట్టి, నీళ్ళలోనూ ముంచాడట. ఎవరు పెట్టమన్నారని అడిగాను.

“ఎవలనలే సార్. కొత్త మందు కలిపినమని ఫికరైంది.”

ముక్కను షెడ్డు వెనక్కి తీసుకెళ్ళి క్రేన్ నుంచి ఇనుప గుండు దాని మీద వదిలాం. పక్వానికి వచ్చిన మాంగనీసు ఉక్కయితే సొట్టపడి ఊరుకోవాలి. ఇది రెండో దెబ్బకే రెండు ముక్కలైంది.

ఈ పలకలు వెళ్ళే జల్‌పల్లి క్వారీ నేను చూశాను. క్రషర్ నోటికి రెండడుగుల దూరంలో నిలబడి ఆడవాళ్ళు తట్టలతో రాళ్ళు కుమ్మరిస్తుంటారు. పలక పగిలి పెళ్ళ ఎగిరితే తగిలేది వాళ్ళకే. బయట లారీ హారన్ కొడుతోంది. నిజం చెప్పాలంటే, ముందు నా ప్రొబేషనే గుర్తొచ్చింది. ఆ ఆడవాళ్ళు ఆ తర్వాతే గుర్తొచ్చారు.

మేనేజరు గదికి వెళ్ళి నా సర్టిఫికెట్ వెనక్కి తీసుకుంటానన్నాను. రైజర్‌లో ఉండేది మురికి లోహం, దాన్నిబట్టి పలకను తప్పుపట్టలేమని ఆయన వాదన. అందులో నిజం లేకపోలేదు. అయితే ఒక పలకనే పగలగొట్టి చూద్దామన్నాను. ఆయన, పలక పగలకపోతే రేపటి నుంచి రానక్కర్లేదన్నారు.

గుండు నాలుగుసార్లు పడింది. మొదటి మూడింటికీ పలక చెక్కుచెదరలేదు. యాదగిరి తల తిప్పుకున్నాడు, నా చొక్కా వీపుకు అతుక్కుపోయింది. నాలుగోదానికి పలక అడ్డంగా విరిగింది. విరిగినచోట అంచుల్లో శుభ్రంగా ఉంది. నడుమ అంతా గరుకు పలుకులు, అక్కడి ఉక్కు పెళుసుగానే ఉండిపోయింది. నా సంతకం పెట్టిన పలక పగిలినందుకు సంతోషించాను.

ఆ పోత మొత్తం కరిగించాం. వనేడియం బాగా తగ్గించి, కొలిమిలో ఉంచే సమయం పెంచి మళ్ళీ పోశాం. మందపు పోతలకు ఆ మందంలోనే పరీక్ష దిమ్మ పోయాలని రాతపూర్వకంగా నియమం పెట్టించాను. నా ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు పొడిగించారు, అది న్యాయమే.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా ఏ సర్టిఫికెట్ మీదైనా సంతకం పెట్టేముందు కొలిమి దాకా నడిచి వెళ్ళి, లోపల ఏమేం పెట్టారో మేస్త్రీని అడిగేవాణ్ణి.