చివర వచ్చినవాళ్ళ గంట

మా హైస్కూల్లో గంట కొట్టడానికి మనిషి లేడు. అటెండరు రిటైరయ్యాక ఆ పోస్టు ఖాళీగానే ఉండిపోయింది. రాజాం నుంచి ఆటోలో ఇరవై నిమిషాలు వెళితే వచ్చే పల్లెటూరి జిల్లా పరిషత్ బడి అది. వరండా దూలానికి రైలు పట్టా ముక్క ఒకటి వేలాడుతుండేది. దాన్ని కొట్టే ఇనప కడ్డీని ఆఫీసు గది కిటికీలో పెట్టేవారు. నేను సోషల్ టీచరుగా చేరేనాటికే అక్కడొక అలవాటు పాతుకుపోయి ఉంది. ఉదయం అందరికన్నా చివర ఎవరొస్తే ఆ రోజు గంట వాళ్ళది. సాయంత్రం లాంగ్ బెల్ దాకా గడియారం చూసుకుంటూ ప్రతి పీరియడుకీ వాళ్ళే కొట్టాలి.

నాకది బొత్తిగా నచ్చలేదు. ఆలస్యంగా వస్తే గుంజీలు తీయించాలని నమ్మే మనిషిని నేను. "ఇదెక్కడి చోద్యమండీ, తప్పు చేసినవాళ్ళకి బహుమతా?" అని హెడ్మాస్టరుగారితో తగువు పడ్డాను. ఆయన తాపీగా కళ్ళజోడు తుడుచుకుంటూ, "బహుమతి కాదమ్మా, ఉద్యోగం" అన్నారు. గంట మోజులో కావాలని ఆలస్యంగా వచ్చిన ఘనులూ లేకపోలేదు. రోజంతా గడియారానికి కాపలా కాయాలనేసరికి ఆ మోజు రెండ్రోజుల్లో దిగిపోయేది.

రెండువేల పదుల నడిమి సంవత్సరాలవి. పసుపుపచ్చ స్కూలు బస్సులు పల్లెల్లోకి వచ్చి పిల్లల్ని ఎక్కించుకుపోతున్నాయి. మా బడిలో ఆరో తరగతి ఏటేటా పలచబడుతోంది. ఇలాగే సాగితే సెక్షన్లు కలిపేస్తారని, పోస్టులు ఎత్తేస్తారని భయం. ఆ ఏప్రిల్‌లో హెడ్మాస్టరుగారు మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, "మన బడి ప్రత్యేకతలు రాయండి, కరపత్రం వేద్దాం" అన్నారు. ఉచిత పుస్తకాలు, మధ్యాహ్న భోజనం, ట్రైనింగైన టీచర్లు, పెద్ద మైదానం అని రాశాం. గంట సంగతి ఎవరికీ తట్టలేదు. తట్టినా రాసేవాళ్ళం కాదు, అటెండరు లేడని మనమే చాటుకోవడం దేనికని.

ఆ కాగితాలు పట్టుకుని ఎండలో ఇల్లిల్లూ తిరిగాం. గెడ్డకి, అంటే మా బడి దాటాక పారే వాగుకి, అవతల ఉన్న చిన్న ఊళ్ళో ఒకామె వాకిట్లో మినుములు చెరుగుతోంది. వాళ్ళది రెండెకరాల వ్యవసాయం. కూతురు ఐదో తరగతి అయిపోయింది, ప్రైవేటు స్కూలు బస్సు మాట్లాడుకునే ఆలోచనలో ఉన్నారు. నేను కరపత్రం గడగడా అప్పజెప్పాను. ఆమె చేట ఆపకుండానే అంతా వింది.

"అయన్నీ ఏ గౌర్మెంటు బడిలోనైనా ఉంటాయి గదమ్మా. మీ బడిలో ఏటున్నాదో సెప్పు" అంది.

కరపత్రం తిరగేసి చూశాను, అందులో అలాంటిదేమీ లేదు. నాకు కోపం వచ్చింది. ఆమె అంతటితో ఊరుకోలేదు.

"నీకూ పిల్లలున్నారా, టీచరమ్మా? ఏ బడిలో సదువుతన్నారు?"

నాకు ఒక్కతే కూతురు. అదీ ఆ ఏడు ఆరులోకే వస్తోంది. రాజాంలో పేరున్న ప్రైవేటు స్కూల్లో చదువుతోంది. మా మామగారిది ఆ ఊళ్ళోనే స్టీలు సామాన్ల కొట్టు. "మన పిల్ల సర్కారు బడికా? కొట్టుకొచ్చినోళ్ళు అడిగితే ఏటని చెప్పాలి?" అనేది మా అత్తగారు. నిజం చెప్పాలంటే ఆవిణ్ణి అడ్డం పెట్టుకున్నాను గానీ, నాకూ ఇష్టం లేదు. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు కదా.

"ఈ జూన్ నుంచి మా బడిలోనే చేరుస్తున్నాను, మీ అమ్మాయి తరగతే" అన్నాను. మాట నోరు దాటాక గానీ ఏమన్నానో నాకే తెలీలేదు. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం.

ఆమె చేట కింద పెట్టింది. "అలగైతే మా పిల్లనీ తెస్తాను" అంది.

తెచ్చింది కూడా. జూన్‌లో బడి తెరిచిన రోజున రెండు జడలేసి, కొత్త రిబ్బన్లు కట్టి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నా ముందు నిలబెట్టింది. "మీ పాపేదమ్మా?" అనడిగితే, జ్వరమన్నాను. మా అమ్మాయి అప్పటికి పసుపుపచ్చ బస్సులో రాజాం వీధులు తిరుగుతోంది.

ఆ పిల్ల రెండో బెంచీలో కూర్చునేది. పక్కన ఎవరినీ కూర్చోనిచ్చేది కాదు, సంచీ పెట్టుకునేది. ఎందుకే అంటే, "మీ పాపకి, టీచర్. జొరం తగ్గినాక వస్తాది గదా" అంది. జ్వరం తగ్గింది, ఊరెళ్ళింది, వచ్చే సోమవారం చేరుతుంది అంటూ ఒక్కోసారి ఒక్కోటి చెబుతూ వచ్చాను. ఆగస్టు వచ్చినా ఆ చోటు ఖాళీగానే ఉంది. రోజూ ఆ తరగతిలోకి తేలు కుట్టిన దొంగలా వెళ్ళేదాన్ని. పాఠం చెబుతూ రెండో బెంచీ వైపు చూడకుండా ఉండడం ఎంత కష్టమో నాకే తెలుసు.

వానలు జూన్‌లోనే మొదలయ్యాయి. గెడ్డ పొంగిన రోజల్లా ఆ పిల్ల చుట్టు తిరిగి వచ్చేది. వచ్చేసరికి మొదటి పీరియడు సగమయ్యేది. తడిసిన పరికిణీతోనే నేరుగా కిటికీ దగ్గరికెళ్ళి కడ్డీ అందుకునేది. అంత కచ్చితంగా గంట కొట్టినవాళ్ళని నేను చూడలేదు.

అలాంటి ఒక ముసురు రోజున మా అమ్మాయికి బస్సు తప్పింది. ఆటోలో తీసుకెళ్ళేసరికి వాళ్ళ స్కూలు గేటు వేసేశారు. రెండు నిమిషాల ఆలస్యం. వాచ్‌మన్‌తో వాదించాను, లోపల ఎవరికో ఫోన్ చేశాను, అరిచాను. రూల్ రూలేనన్నారు. గొడుగు కింద నా పిల్ల తల వంచుకుని నిలబడింది, ఏదో దొంగతనం చేసినట్టు. అత్తగారు శ్రీకూర్మం వెళ్ళారు, ఇంట్లో ఎవరూ లేరు. గత్యంతరం లేక నాతో మా బడికే తీసుకెళ్ళాను.

మేం వెళ్ళేసరికి రెండో పీరియడు నడుస్తోంది. ఆ రోజు కూడా కడ్డీ గెడ్డ అవతలి పిల్ల దగ్గరే ఉంది. మా అమ్మాయిని చూడగానే దాని మొహం చాటంతయింది. బెంచీ మీది సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. తరవాత ఏదో గుర్తొచ్చినట్టు లేచొచ్చి కడ్డీ మా అమ్మాయి చేతిలో పెట్టింది.

"నాకన్నా ఆలీసంగా వచ్చినావు. ఇయాల గంట నీదే."

గేటు దగ్గర తల వంచుకున్న పిల్ల ఆ రోజంతా తలెత్తి గడియారం చూస్తూనే ఉంది. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు.

సాయంత్రం నీళ్ళు పెరుగుతున్నాయని ఆ పిల్ల తల్లి గొడుగు పట్టుకుని వచ్చింది. వరండాలో మా అమ్మాయి లాంగ్ బెల్ కొడుతోంది. ఆమె అటే చూస్తూ నిలబడింది. మాట నిలబెట్టుకున్నావని అంటుందేమోనని భయమేసింది. అనకముందే చెప్పేశాను.

"ఈ ఒక్క రోజుకే వచ్చిందమ్మా. ఆ రోజు మీకు అబద్ధం చెప్పాను."

"నాకు తెల్సమ్మా" అంది. "జూన్లోనే సూసినాను. రాజాం సంతకెల్లి, నువ్వు మీ పాపని పచ్చ బస్సు ఎక్కించడం."

నేల చీలితే బాగుణ్ణనిపించింది. "మరి మీ పాపని ఎందుకు ఉంచారు?"

"తీసీద్దారనే అనుకున్నాను. ఆ దినమే గెడ్డకి నీరొచ్చినాది. పిల్లకి ఆలీసమైపోనాది. గెంటేసుంటారనుకున్నాను. ఇంటికొచ్చినాక ఏటన్నారే అంటే, 'గంటిచ్చారమ్మా' అన్నాది." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "ఈ సంగతి నువ్వా దినం సెప్పనేదేటమ్మా? అది సెప్పుంటే సాలు గదా."

"పాపకి తెలుసా, నా అబద్ధం?"

"దానికి నానెలగ సెప్తాను? టీచరమ్మ అబద్దమాడినాదని తెలిస్తే, రేపు నువ్వు సెప్పిన పాటం ఎలగ నమ్ముతాది?"

నేను ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చాను. రెండు నెలలుగా నా పరువు కాపాడింది నేనల్లిన సాకులనుకున్నాను. కాపాడింది ఆమె.

మా అమ్మాయిని మా బడిలో చేరుస్తానంటే ఇంట్లో పెద్ద గొడవే అయింది. అత్తగారు రెండ్రోజులు మాట్లాడలేదు. నేను మాత్రం మర్నాడే సెలవు పెట్టకుండా, పర్మిషన్ అడిగి టీసీ కోసం వెళ్ళాను. ఆ స్కూలువాళ్ళు నన్నూ నా కూతుర్నీ మధ్యాహ్నం దాకా బయట బల్ల మీద కూర్చోబెట్టారు. బడికి చేరేసరికి భోజనాలు కూడా అయిపోయాయి.

ఆ పిల్ల వరండాలో కడ్డీ పట్టుకుని నిలబడి ఉంది. మా అమ్మాయి నవ్వుతూ చెయ్యి చాపింది. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

"నీ ఎనకాల టీచర్ దిగినారు ఆటో. సివర వచ్చినోల్దే గంట."

కడ్డీ నా చేతికిచ్చింది. ఐదో పీరియడు గంట నేను కొట్టాను.