చిన్నాయన వేసిన మోటరు

మోటరు స్టార్టర్ ముందర మోకాళ్లేసి ప్రార్థన చేసిన ఇంజనీరును మీరెక్కడన్నా చూసినారా? చూడండి, మీ ఎదురుగానే కూచోని టీ తాగతా ఉంది. ముందే నవ్వబాకండి, చెప్పేది పూర్తిగా వినండి.

నేను గిద్దలూరులో ఇంట్లోనే కూచోని సర్క్యూట్ బోర్డులు డిజైన్ చేస్తానని మీకు తెల్సు కదా. ఈసారి చేసింది బోరు మోటరుకు పెట్టే బోర్డు. బటన్ నొక్కితే మోటరు వేస్తాది, బోరులో నీళ్లు అయిపోతే తనే ఆపేస్తాది. బోర్డు ఆన్ అయిన ప్రతిసారీ మోటరును కాసేపు తిప్పి, నీళ్లు ఉండాయో లేదో చూసుకోని ఆపమని కూడా ప్రోగ్రామ్ రాసినా. నా తెలివికి నేనే మురిసిపోయినా.

ట్రయల్ కోసం కంభం అవతల మా చిన్నమ్మ మిరపతోటలో మోటరు స్టార్టర్ పెట్టెలో బిగించినా. చిన్నాయన పోయి ఏడాది దాటింది. అప్పట్నుంచి తోట అంతా ఆమే చూసుకుంటా ఉంది.

ఇంక ఎమ్యులేటర్ అని ఒక చిన్న డబ్బా ఉంటాది. దాన్ని బోర్డుకు తగిలిస్తే చిప్పు లోపల ఏం నడుస్తా ఉందో లాప్‌టాప్‌లో కనపడతాది. మధ్యలో ఆపచ్చు, ఒక్కో అడుగే నడిపించచ్చు. దానికోసం బోర్డు మీద కొన్ని పిన్నులు పెట్టాల. పెట్టినా. కానీ ప్రతిసారీ పెట్టె తెరిచి చెయ్యి పెట్టాలంటే నాకు గుండె దడ. చేలల్లో స్టార్టర్ పెట్టెలంటే తేళ్లకు అత్తగారిల్లు. అందుకని ఆ పిన్నుల నుంచి ఒక బూడిదరంగు రిబ్బన్ కేబుల్ లాగి, పెట్టె బయటికి మూరెడు వేలాడేసినా. తేలూ వద్దు, భయమూ వద్దు.

నేను అక్కడున్నన్ని రోజులు మోటరు బంగారంగా పనిచేసింది. ఎమ్యులేటర్ పీకి బ్యాగులో వేసుకోని ఇంటికొచ్చినా.

మర్నాడు మధ్యాన్నం చిన్నమ్మ ఫోను.

"అమ్మీ రూతూ, మీ చిన్నాయన వచ్చినాడు."

ఆమె గొంతులో భయం లేదు. అందుకే నాకు ఎక్కువ భయమేసింది.

"సద్ది తీసుకోని పోయినానా, పెట్టె కాడికి రాంగానే మోటరు దానంతట అదే లేచింది. కాళ్లు కడుక్కోమని ఆయన అట్లనే వేసేవాడు కదా."

నిజమే. చిన్నమ్మ చేని గెనం గట్టు మీద కనపడగానే చిన్నాయన పోయి మోటరు వేసేవాడు. మాటలు తక్కువ మనిషి, ప్రేమంతా ఆ నీళ్లలోనే. నేను ఏదో సర్దిచెప్పి ఫోన్ పెట్టేసినా.

తర్వాత కాయ కోసే ముఠా మేస్త్రి నారమ్మ నీళ్లు పట్టుకోను పోతే, ఆమెకూ లేచిందంట. బిందె అక్కడే పారేసి రోడ్డెక్కింది. ఆమె వెనకాలే ముఠా అంతా. ఎంత బతిమాలినా ఎవురూ తోటలోకి రామన్నారు. చెట్ల మీద కాయ ఎర్రగా పండి ఉంది. నల్లమల పక్క మబ్బు కమ్ముతా ఉంది. ఒక్క వాన తగిలిందంటే కాయంతా రంగుపోయి తాలే, చిన్నమ్మ ఏడాది కష్టం మట్టిలో పోతాది.

బస్సెక్కి పోయినా. మిట్టమధ్యాన్నం, తోటలో నరపురుగు లేదు. ఆకు కదలడం లేదు. నారమ్మ బిందె బోల్తాపడి అట్లనే ఉంది. ఎమ్యులేటర్ తగిలించి చిన్నమ్మను పెట్టె చుట్టూ తిరగమన్నా. తిరిగింది. ఏమీ లేదు. చిప్పు బడిలో పిల్లోడి మాదిరి చేతులు కట్టుకోని కూచోని ఉంది. సరే అని ఎమ్యులేటర్ పీకినా. చిన్నమ్మ పోయి దూరంగా గట్టు మీద కూచుంది. నేను బ్యాగు తీసుకుందామని పెట్టె పక్కకు వంగినా.

గుర్రుమని లేచింది మోటరు.

నేను బటన్ ముట్టుకోలా. పైపు దగ్గర మనుషులెవురూ లేరు. ఎవురి కాళ్ల కోసమో నీళ్లు ధారగా పడతానే ఉండాయి.

చిన్నమ్మ గట్టు మీద నుంచే, "నీళ్లు దండగ, ఇంక ఆపు" అనింది.

ఆగింది.

నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడినాయి. చిన్నమ్మ మాత్రం నవ్వింది. "బతికున్నప్పుడు ఒక్క మాట ఇనలా."

మళ్లీ తగిలించినా, రాలేదు. పీకినా, వచ్చినాడు. అవును, నేను కూడా వచ్చినాడు అనే అనుకున్నా. చిన్నాయనకు నా లాప్‌టాప్ అంటే ముందునుంచీ పడదు కదా అని లాజిక్ కూడా దొరికింది. ఇంజనీరింగ్ చదువు ఆ క్షణానికి గంగలో కలిసింది. సాయంత్రానికి చర్చి అయ్యగారిని నేనే పోయి పిల్చుకోనొచ్చినా.

వెనకాలే నారమ్మ ముఠా కూడా వచ్చి దూరంగా నిలబడినారు. నేను, చిన్నమ్మ పెట్టె ముందర మోకాళ్లేసినాం. అయ్యగారు కండ్లు మూసుకోని, పెట్టె మీద చెయ్యి పెట్టి, ప్రార్థన మొదలుపెట్టినారు. చెయ్యి పెట్టిన మరుక్షణం మోటరు లేచింది. "స్తోత్రం" అని అరిచినారు అందరూ. అయ్యగారు అదిరిపడి చెయ్యి తీసినారు. కాసేపటికి ఆగింది. గొంతు పెంచి మళ్లీ పెట్టినారు. మళ్లీ లేచింది.

ప్రార్థనలో కండ్లు తెరవకూడదు. భయానికి నేను తెరిచినా. మోకాళ్ల మీద ఉండేసరికి పెట్టె నా మొహానికి సమంగా ఉంది. అయ్యగారి చెయ్యి పెట్టె మీద లేదు. నా బూడిదరంగు కేబుల్ మీద ఉంది.

అప్పుడు నాకు చెమటలు పట్టినాయి. దయ్యానికి కాదు. ఆ కేబుల్‌లో రీసెట్ వైరు ఒకటి ఉంటాది. దాంట్లో వోల్టేజి పడిపోతే చిప్పు అప్పుడే ఆన్ అయినట్టు మళ్లీ మొదట్నుంచి లేస్తాది. పడిపోకుండా పట్టుకోడానికి ఒక రెసిస్టర్ పెట్టాల, ఆవగింజంత. నేను పెట్టలా. బోర్డులో చోటు చాలక, ఎమ్యులేటర్ లోపల ఎట్లాగూ ఒకటి ఉంది కదా, అదే పట్టుకుంటాదిలే అనుకున్నా. అది తగిలించినంత సేపు పట్టుకునింది. పీకినాక ఆ వైరు గాల్లో దిక్కులేకుండా వేలాడతా ఉంది. మనిషి దగ్గరికొస్తే చాలు, చిప్పు ఉలిక్కిపడి లేచి, నేను రాసిన ప్రోగ్రామ్ ప్రకారం మోటరు తిప్పి, నీళ్లు చూసుకోని ఆగుతా ఉంది. చిన్నమ్మ ఆపమన్నందుకు కాదు ఆగింది.

అందరూ పోయినాక పెట్టె తెరిచినా. తేలు లేదు, బల్లి కూడా లేదు. రెసిస్టర్ అతికించి, కేబుల్ కత్తిరించినా. చిన్నమ్మ పెట్టె దగ్గరికొచ్చి నిలబడింది. మోటరు లేవలా. ఆ నిశ్శబ్దం చూసి నాకు ఏడుపొచ్చింది.

"చిన్నమ్మా, అది చిన్నాయన కాదు. తప్పు నాది."

"తెల్సులే అమ్మీ," అనింది. "మొన్న గేదె వచ్చినా లేచింది. ఆయన గేదె కోసం ఎన్నడన్నా లేచినాడా? నేనే తోలాల్సి వచ్చేది."

"తెలిసీ చెప్పలేదేంది?"

"తోటలో మాట్లాడను ఎవురుండారు? నాలుగు మాటలు మాట్లాడుకున్నా. నువ్వు నిజమనుకోని అయ్యగారిని తెస్తావని నాకేం తెల్సు?"

పొద్దున్నే ముఠా దిగింది. వాన కంటే ముందే కాయ కోసేసినారు. ప్రార్థనకే దయ్యం పోయిందని నారమ్మ ఊరంతా చెప్తా ఉంది. కోత అయ్యేదాకా నోరు మూసుకోమని చిన్నమ్మ ముందురోజు రాత్రే నా చేత ఒట్టేయించుకునింది.

కోత అయిపోయినా ఆ ఊర్లో నేను ఇంకా మూసుకునే ఉండా. కానీ ఈ ఆదివారం చర్చిలో అందరి ముందర దేవుడు చేసిన మేలుకు నన్నే సాక్ష్యం చెప్పమన్నారు అయ్యగారు. దయ్యం ఎట్ల పోయిందో చెప్పమంటే ఏదో ఒకటి చెప్తా. దాన్ని డిజైన్ చేసింది ఎవురని మాత్రం అడగకుంటే చాలు.