దూదేకుల వలి సాహెబ్ నిద్ర

కర్నూలు పాత టౌనులో ఒళ్ళు తెలియకుండా నిద్రపోయేవాళ్ళలో సగం మంది వలి సాహెబ్ కుట్టిన పరుపుల మీద పడుకున్నవాళ్ళే. మధ్యాహ్నం ఎండ రేకుల సందుల్లోంచి దిగి, గాల్లో తేలే దూదిపోగుల మీద పడుతుంటే అంగడంతా తెల్లగా మసకేసినట్టుండేది. ఆ మసకలోనే ఆయన బూరుగు దూది కుప్పకు ఆనుకుని కునుకు తీసేవాడు. వచ్చిన తంటా అంతా ఆ కునుకుతోనే.

అంగట్లో పగలైనా, ఇంట్లో రాత్రైనా, కళ్ళు మూతపడితే చాలు, తుంగభద్ర వచ్చేది. చప్పుడు లేకుండా గడప దాటేది. పరుపులన్నీ మెల్లగా లేచి వీధి వెంట తేలిపోయేవి. అబ్బ, ఎంత బాగుండేదో! అంతలో నీళ్ళ అడుగునుంచి ఎవరో కాలు పట్టి లాగేవాళ్ళు. ఈయన ఊరుకుంటాడా? తన్నేవాడు, గుద్దేవాడు, నోటికొచ్చినట్టు తిట్టేవాడు. మెలకువగా ఉన్నప్పుడు బేరానికొచ్చిన వాళ్ళ మీద కూడా గొంతు లేపని మనిషి!

ఒకరోజు అట్లాగే ఉలిక్కిపడి లేచేసరికి, టీ తెచ్చిన భార్య మదార్ బీ పెదవి పగిలి రక్తం కారుతోంది. గుద్దింది తానే.

చచ్చిపోయినవాళ్ళ పరుపు విప్పి ఆ దూదిని ఇంకొకరికి కుట్టకూడదని వలి సాహెబ్ నాయన చెప్పేవాడు. ఎవరో దొంగచాటుగా అట్లాంటి పరుపు అంటగట్టి ఉంటారు, ఆ దూది తన పరుపులో కలిసిందనుకున్నాడు వలి సాహెబ్. అంతే, బంగారమట్లాంటి పరుపును పెరట్లో వేసి కాల్చేశాడు. బండల మీద పడుకున్నాడు. కల అక్కడికీ వచ్చింది. సిగ్గన్నా లేదు దానికి!

"ఇంక నీ పక్కన పండుకోను మే. అంగట్లోనే ఉంటా," అన్నాడు.

"యాడికి పోతావు? పద ఆసుపత్రికి," అంది మదార్ బీ.

పెద్దాసుపత్రిలో డాక్టర్ హిమబిందు ఆయన్ను అటూ ఇటూ నడిపించింది. నడిచేటప్పుడు ఎడమచెయ్యి సరిగ్గా ఊగడం లేదు. కళ్ళు మూయించి కాఫీపొడి ముక్కు దగ్గర పెడితే, "ఏం వాసనా లేదే మేడం," అన్నాడు.

"కల వచ్చేటప్పుడు ఒళ్ళు కదలకుండా మెదడు కట్టేసి ఉంచుతుంది. మీకా కట్టు వదులైంది. కొందరికి పార్కిన్సన్స్, అదే వణుకుడు జబ్బు, లేకుంటే మతిమరుపు జబ్బు రావడానికి ఏళ్ళ ముందే ఇట్లా కనబడుతుంది. ఎప్పుడొస్తుందో ఇప్పుడే చెప్పలేం. ముందే తెలిసింది కాబట్టి కనిపెట్టుకుని ఉందాం. నిద్రకు మందిస్తా. ఇంతకీ ఎప్పట్నుంచి ఇట్లా?"

"మొన్న చలికాలం నుంచి," అన్నాడు వలి సాహెబ్.

మదార్ బీ తల వంచుకుని కొంగు వేలికి చుట్టుకుంది. "కాదు మేడం. మా షాహీనా పెండ్లికి ముందునుంచే," అంది.

షాహీనా వాళ్ళ బిడ్డ. ఆమె కొడుకు ఇప్పుడు బడికి పోతున్నాడు. వలి సాహెబ్ నోరు తెరుచుకుని భార్యను చూశాడు. నీళ్ళకు పోయి జారినానని, తలుపు తగిలిందని ఆమె అన్నప్పుడల్లా, ఆ కమిలిన చేతికి ఆయనే కొబ్బరినూనె రాసేవాడు.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం మే?"

"చెప్తే నువ్వు నిద్రపోతావా?" అంది మదార్ బీ.

డాక్టరమ్మ ముందే, చిన్నపిల్లోని మాదిరి, వలి సాహెబ్ ఏడ్చేశాడు.