గొర్ల ఎన్క హీరో

తెలంగాణ వచ్చిన కొత్తల మా రామన్నపేటల చేతిల మంచి ఫోనున్న ప్రతోడు డైరెక్టరే. గసొంటోళ్లను ఎక్కిరిద్దామని నేను, ఇద్దరు దోస్తులు కలిసి ఒక కామెడీ సిన్మ మొదలువెట్టినం. కథేందంటే, ఒక పోరడు ఉన్న ఊర్లెనే సిన్మ తీసి నవ్వులపాలైతడు. (అది మా కథే అని మాకు అప్పుడు తట్టలే.) హీరోను నేనే. మా బాపు మగ్గం మీదికెళ్లి తల లేపకుండనే చెప్పిండు: "సిన్మ పదిమందికి చూపియ్యి. జనం నిన్ను మెచ్చుకుంటే పట్నం పో, నేనడ్డం రాను. లేకుంటే వచ్చి మగ్గంల కూసో." నాకు మగ్గం మీద కోపం లేదు గని, పొద్దంత గుంతల కాళ్లు వెట్టుకొని కూసునుడంటేనే పానం పోయేది.

హీరో గొర్ల మందను ఎంబడేసుకొని రావాలని డైరెక్టరు దోస్తు పట్టువట్టిండు. వాడకట్టుల నాలుగిండ్ల గొర్లు కాసే మామను బతిమిలాడినం. నీలం అంగి తొడుక్కొని నేను ముందు నడిస్తే, ఒక్క గొర్రె కదల్లే. దోస్తు గొంతు పోయేదాక "యాక్షన్" అని ఒర్రిండు. మామ బీడి ముట్టిచ్చుకుంట, "అల్లుడా, అవి నా కూత తప్ప ఇంకోటి ఇనయి" అన్నడు. అయితే కెమెరా ఎన్క నిలవడి కూత వెట్టుమన్నం. (ఆ తెలివి ఎవరిదో కాదు, నాదే.) మామ కూత వెట్టుడే ఆలస్యం, మందంత ఆయన దిక్కు ఉరికింది. నడుమ ఒక హీరో ఉన్నడన్న సోయి ఒక్కదానికి లేదు. వారం రోజులు అద్దం ముందట నేర్చుకున్న డైలాగు నోట్లెనే ఉండె, నేను దుబ్బల వడ్డ. దోస్తేమో "మస్తొచ్చింది, మల్ల తీసుడు వద్దు" అన్నడు.

ఫంక్షన్ హాల్ల సిన్మ ఏసినం. నా సీను రాంగనే చప్పట్లే చప్పట్లు. పట్నం బస్సెక్కినట్టే అనుకున్న. తీరా చెవువెట్టి ఇంటే, "గదిగో మన మెడనల్లది", "గా కుంటిది మాదే" అని ఎవరి గొర్రెను వాళ్లు గుర్తువడ్తున్నరు. బాపు నా దిక్కు తిరిగి నెమ్మదిగ అడిగిండు, "నువ్వు యాడున్నవ్‌రా?"

తెల్లారి పోయి మగ్గంల కూసున్న. రెండు నెలలు ఏడుపొచ్చింది, తర్వాత అలవాటైంది. ఇప్పటికీ అదే గుంత, అవే కాళ్లు. మొన్న చీరలు చూడనీకి ఎవరో వస్తే, బాపు ఫోన్ల ఆ సిన్మ పెట్టి, సరిగ్గ ఆ సీను కాడ ఆపిండు. "గా మెడనల్లదాని ఎన్క జర నీలంగ కనవడ్తాంది సూడు, గది మా పోరడే" అన్నడు. ఎన్నిసార్లు ఎతికితే దొరికిందో ఆయనకు. నేను తెగిన పోగు అతుక్కుంట, తల లేపకుండనే నవ్వుకున్న.