మగ్గం గుంతకు మినహాయింపు

డెంగీ తగ్గి దవాఖాన నుంచి వచ్చిన వారానికే అమ్మ మళ్లీ మగ్గం పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టడం మొదలుపెట్టింది. పంపేటప్పుడు డాక్టరు ఒక మాట చెప్పాడు: మరో రకం డెంగీ సోకితే ఈసారి ఇంకా ప్రమాదం కావచ్చు, ఇంట్లో నీళ్లు నిలవనివ్వకండి. ఆ పని నాకు అప్పగించారు. నేను ఎమ్మెస్సీలో ఎక్సోజోముల మీద ప్రాజెక్టు చేసినవాణ్ణి. గద్వాలలో దానివల్ల ఉద్యోగం రాలేదు గానీ, ఇంట్లో దోమల శాఖ దక్కింది.

ఎక్సోజోము అంటే కణం తన పొరలోనే చుట్టి బయటికి పంపే అతి చిన్న పొట్లం. కణాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకునే పద్ధతి అది. డెంగీ లాంటి వైరస్ సోకిన కణం పంపే పొట్లాల్లో వైరస్ సరుకు కూడా దూరుతుంది. పైపొర మనదే కనుక పక్క కణం తలుపు తీస్తుంది. ఒంట్లోని రోగనిరోధక కాపలా చూసీ చూడనట్టు వదిలేస్తుంది. ప్రయోగశాలలో కనబడ్డది ఇది. ఒంట్లో ఎంతవరకు జరుగుతుందో ఇంకా తేల్చుతూనే ఉన్నారు.

ఇల్లంతా గాలించాను. కూలర్ ఎండబెట్టాను. డాబా మీది టైరు పారేశాను. పక్కింటివాళ్ల పూలకుండీల కింది పళ్లేలు కూడా వాళ్లకు చెప్పకుండానే బోర్లించాను. మగ్గం గుంత మాత్రం చూడలేదు. నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే ఆ గుంతలో, పోగు ఎండి తెగకుండా, నాన్న ఒక గిన్నెడు నీళ్లు పెడతాడు. తాతా పెట్టేవాడు. మా దృష్టిలో అవి నీళ్లు కావు, మగ్గంలో భాగం.

ఒకరోజు దోమల తనిఖీకి ఒకాయన వచ్చాడు. తొట్లన్నీ టార్చి వేసి చూశాడు. మగ్గం గది గడప దగ్గర చెప్పులు విప్పి, మగ్గానికి దండం పెట్టి, "గిండ్ల ఏముంటది సార్" అని వెళ్లిపోయాడు.

మనవాళ్ల పొర కప్పుకున్నదాన్ని కాపలావాడు దండం పెట్టి వదిలేయడం అప్పటిదాకా నేను ప్రాజెక్టు బొమ్మల్లోనే చూశాను. ఆయన్ని అనడానికి లేదు. ఆయన కన్నా ముందు దండం పెట్టింది నేనే.

నేస్తున్న నాన్న కాళ్ల పక్క నుంచి గుంతలోకి టార్చి వేశాను. గిన్నెలో పురుగులు తోకలాడిస్తున్నాయి.

"నాయనా, జర ఇటు చూడు. దోమ పిల్లలు."

"ఉంటయ్. ఎన్నేండ్ల సంది నా కాళ్లు కుడుతున్నయ్. నాకేమన్న అయిందా?"

"జ్వరం లేకుండనే డెంగీ వచ్చి పోయుండొచ్చు. చానామందికి తెల్వదు."

నాన్న అమ్మ వైపు తిరిగాడు. "ఇన్నవా? నాకు వచ్చిపోయిందంట. పండుకున్ననా ఒక్కరోజన్న?"

"అమ్మకు మళ్లొస్తే తట్టుకోదు నాయనా. ఆ నీళ్లు తీసెయ్."

"తీస్తే పోగు తెగుతది. పెండ్లి చీరరా ఇది. తెగిన పోగు అతుకుడు ఉందా నీ సదువుల?"

లేదని ఒప్పుకున్నాను.

అమ్మ చేతిలోని కండె కింద పెట్టింది. "గిన్నె ఉండనీ తియ్యి. కండెలు నువ్వే చుట్టుకో. నేను దవాఖానకే పోత. ఆడ ఫ్యానన్న ఉంటది."

నాన్న నేత ఆపాడు. తర్వాత గుంతలోంచి లేచి, గిన్నె పట్టుకుని గుమ్మం దాటాడు.

"మోరీల పొయ్యకు, ఆ మురికినీళ్లల్ల బతుకుతయ్. ఎండల పొయ్యి," అంది అమ్మ.

తిరిగొచ్చి, గోనెసంచి తడిపి, గట్టిగా పిండి, చెమ్మ కోసం గుంత గోడకు పరిచాడు. ఆ పూట రెండు పోగులు తెగాయి. రెండుసార్లూ నాన్న నా వైపే చూశాడు. అమ్మ తలెత్తకుండా కండెలు చుట్టింది.