మోరీలో పడని గోళీలు

సంఘ పత్రిక చదువుతున్న సహోదరులారా, సహోదరీలారా, నలభై ఏళ్ళుగా నా గొంతు విని విని విసిగిపోయిన మీ అందరికీ ఈ ముసలివాడి వందనాలు. నా సాక్ష్యం మీకు కొత్త కాదు. జనగామలో నేను టీబీతో రక్తం కక్కుకుంటూ మంచం పట్టిన సంగతి మీలో చాలామందికి నాకంటే బాగా వచ్చు. మొదట్లో ఆ రక్తం చెంచాడు. రెండేళ్ళకు గ్లాసెడయింది. మహబూబాబాద్ కూటాలకు వెళ్ళేసరికి చెంబెడయింది. ఇంకొన్నాళ్ళకు బిందెడయ్యేదే, కానీ మనిషి ఒంట్లో అంత రక్తం ఉండదని మా మనుమరాలు సైన్సు పుస్తకం తెచ్చి చూపించి నా నోరు మూయించింది. నవ్వకండి. ఇది నవ్వే సంగతి కాదు.

అసలు జరిగింది ఇది. తాపీపని చేసుకుని బతికే వయసులో నాకు టీబీ వచ్చింది. అది నిజమే. ఇటుక ఎత్తబోతే దగ్గు వచ్చి కూలబడేవాడిని, నా కంచం వేరు, నా గ్లాసు వేరు, నా పిల్లలను నేను ఎత్తుకోకూడదు, గడప అవతలి నుంచి వాళ్ళను చూసి ఏడ్చేవాడిని. నా భార్య రత్నమ్మ నన్ను సర్కారు దవాఖానకు తీసుకుపోయింది. ఏడాదికి పైగా సూదులు, గోళీలు. రోజూ పొద్దున్నే ఆమె గోళీలు నా అరచేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడి, నోరు తెరిపించి, నాలుక కింద దాచానేమో చూసి, అప్పుడు నా నెత్తిమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది.

"ప్రభువా, ఈ గోళీల మీద నీ చెయ్యి పెట్టు. ఈయన్ను నాకియ్యి. ఆమేన్."

ఇంతే ప్రార్థన. దేవుడు ఆ చిన్న ప్రార్థన విన్నాడు సహోదరులారా, నన్ను బతికించాడు!

కానీ ఇది ఇలాగే చెబితే మందిరంలో ఎవరూ హల్లెలూయ అనలేదు. మంచిదే అన్నట్టు తలూపి ఊరుకున్నారు. నాకది చాలలేదు. ఒక ఆదివారం, సగం గోళీలే వేసుకున్నానని చెప్పాను, వెనక వరుసలో నుంచి ఒక హల్లెలూయ వినిపించింది. ఇంకో ఆదివారం, గోళీలన్నీ జనగామ మోరీలో, ఆ మురికి కాలవలో పారేసి, ఉపవాసముండి ప్రార్థిస్తే మూడో దినాన లేచి ఇటుకలు మోశానని చెప్పాను. మందిరం దద్దరిల్లిపోయింది! ఆ రోజు నుంచి రత్నమ్మ నా సాక్ష్యంలో లేదు. ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుని, నేను మోరీ మాట దగ్గరికి వచ్చేసరికి ఆమె తల వంచుకుని కొంగు సర్దుకునేది. ఇంటి గుట్టని ఊరుకుందో, నా పరువని ఊరుకుందో, నేను ఏనాడూ అడగలేదు.

తెలంగాణ కోసం ఊరూరా శిబిరాలు వెలిసి, బస్సులు డిపోల్లోనే నిలిచిపోయిన రోజుల్లో, మా సంఘం నుంచి యాభై కుటుంబాలు సేవాయాత్రకు బయలుదేరాయి. కాదు, తప్పు. నాలుగు కుటుంబాలు. పిల్లాజెల్లా కలిపి పంతొమ్మిది మందిమి. అలవాటుగా చెయ్యి రాసేసింది, దిద్దుకుంటున్నాను. రేకులు, వంట గిన్నెలు, డోలకు, మైకు సెట్టు ఒక డీసీఎం లారీకి ఎత్తుకుని నెల్లికుదురు అవతల ఒక లంబాడీ తండాకు వెళ్ళాం. మొగవాళ్ళం ప్రార్థన పాక మీద రేకులు ఎక్కించాం, తండ్రులు పైనుంచి అడిగితే కూతుళ్ళు మేకులు అందించారు, ఆడవాళ్ళు అంగన్‌వాడీలో పిల్లల గోళ్ళు తీసి, తలలు దువ్వి, బైబిలు కథలు చెప్పారు. అన్ని ఇళ్ళవాళ్ళమూ ఒక్క పొయ్యి మీద వండుకు తిన్నాం. నా జీవితంలో అంత మంచి రెండు రోజులు నాకు తెలియవు, వాటినే నేను పాడుచేశాను.

రెండో రోజు సాయంత్రం కొత్త పాకలో కూటం పెట్టాం. మా పాస్టరు అయ్యగారు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. మైకు చేతికొచ్చాక నన్ను ఆపేదెవరు! మోరీ, ఉపవాసం, మూడో దినం, అన్నీ చెప్పాను. కూటం అయ్యాక కమిలి అనే ఆమె నా దగ్గరికి వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో, మణికట్టు సన్నగా పుల్లలా ఉంది. నాలుగు నెలలుగా టీబీ గోళీలు మింగుతోందట.

"బాపూ, గోళీలేస్కుంటే కడుపుల తిప్పుతది, బువ్వ సయిస్తలేదు. నిజంగ నీకు మూడొద్దులల్లనే బాగైందా?"

నాకు అక్కడే నిజం చెప్పే సందు దొరికింది. అయ్యగారు వింటున్నారు, నలుగురూ చూస్తున్నారు. "నమ్ము బిడ్డా" అన్నాను. రెండే మాటలు. అదీ ప్రభువు పేరు మీద.

మర్నాడు భూపాలపల్లి వైపు పోయాం. అక్కడ రెండు ఊళ్ళలో రేకులు వేశాం, రెండు చోట్లా నేను అదే సాక్ష్యం చెప్పాను. బందుల వల్ల బండి కదలక పది రోజులు అక్కడే ఉండిపోయాం. తిరిగి వస్తుంటే నెల్లికుదురు దగ్గర ఉద్యమంవాళ్ళు రోడ్డు మీద రాళ్ళు అడ్డంగా పెట్టి వంటావార్పు చేస్తున్నారు. నడిరోడ్డు మీదే పొయ్యిలు, అన్నం డేగిసాలు, ఒక పక్క మైకులో పాటలు.

"ఏడికెళ్ళి వస్తున్నరే?"

"జనగామోళ్ళమన్నా."

"అయితే దిగుండ్రి, తిని పోండ్రి. ఇయ్యాల ఏ బండీ కదలదు."

మా ఆడవాళ్ళు దిగి కూరగాయలు కోయడానికి కూర్చున్నారు. నేను నలుగురు పడుచువాళ్ళను పోగేసుకుని, పాత ఉద్యమంలో నా వీపు మీద ఎన్ని లాఠీలు విరిగాయో చెప్పడం మొదలుపెట్టాను. (ఒక్కటీ విరగలేదు. నేను ఇంట్లో గడియ పెట్టుకుని కూర్చున్నాను.) అప్పుడు ఒక మనిషి గరిటె పట్టుకుని నా ముందుకొచ్చి నిలబడ్డాడు. కమిలి భర్త లాల్య.

"ఏం తాతా, మంచిగ కతలు చెప్తున్నవ్. నా పెండ్లాం నీ మాట పట్టుకొని గోళీలు బాయిల పడేసింది. పది రోజులాయె, మల్ల జరమొస్తున్నది. అంగన్‌వాడీ మేడం కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది, ఈమె ఇంటలేదు. నువ్వే చెప్పు ఇగ."

ట్రాక్టరు నీడన కూర్చుని ఉంది కమిలి. కళ్ళు లోపలికి పోయాయి. నన్ను చూసి నవ్వింది సహోదరులారా, ఆ నవ్వు నేను మరవలేను.

"బాపూ, మూడో దినం దాటిపాయె. నా నమ్మకం సాలలేదంటవా?"

ఇంకొకడైతే అక్కడే నేలమీద పడి ఏడ్చేవాడు. నేనేం చేశానో వినండి. ఇంకో అబద్ధం ఆడాను! "ప్రభువు నాకు కలలో కనబడి, కమిలిని గోళీలు వేసుకోమని చెప్పమన్నాడు" అన్నాను. ఆమె ఆలోచించింది. "నీకు అక్కరలేని గోళీలు నాకెందుకు చెప్తడు బాపూ? ఇది శోధన" అంది. అప్పుడు ఇక వేరే దారి లేక ఆమె చెవి దగ్గరికి వంగి, మోరీ లేదు, మూడో దినం లేదు, ఏడాది పైన గోళీలు మింగాను బిడ్డా అని చెప్పాను. ఆమె నా చెయ్యి తట్టింది.

"పెద్దమనిషివి. నా పానం మీద తీపితోని అబద్ధమాడుతున్నవ్. గా దినం మైకుల చెప్పిందే నిజం."

జీవితంలో మొదటిసారి నిజం చెబితే అది అబద్ధమైపోయింది! తిరిగి చూస్తే వెనకాల రత్నమ్మ నిలబడి ఉంది, చేతిలో సగం తరిగిన వంకాయ.

"అబద్ధం మైకుల చెప్పినవ్. నిజం చెవుల చెప్తవా? లే" అంది.

పాట అయిపోయేదాకా ఆగి మైకు అడిగాను. ముసలాయన ఉద్యమం మీద మాట్లాడతాడనుకుని చప్పట్లు కొట్టారు. "నేను అబద్ధికుణ్ణి" అన్నాను. కొందరు నవ్వారు. అంతా చెప్పాను, చెంచాడు రక్తం నుంచి కల దాకా. నవ్వులు ఆగిపోయాయి. మా సంఘం పిల్లలు, నేను ఒడిలో కూర్చోబెట్టుకుని కథలు చెప్పిన పిల్లలు, నన్ను కొత్తవాణ్ణి చూసినట్టు చూశారు. అయ్యగారు తల వంచుకున్నారు. "థూ, ఏం మనిషివే నువ్వు" అన్నారు ఎవరో. రత్నమ్మ వచ్చి నా చేతిలో మైకు తీసుకుంది. ఆమె మైకు పట్టుకోవడం అదే మొదటిసారి.

"నేనే మింగిపిచ్చిన. ఏడాది మీద రెండు నెలలు. మోరీల ఒక్క గోళీ పడలె. దేవుడు బాగుచేసిండు, గోళీలతోని బాగుచేసిండు."

కమిలి లేచి మా దగ్గరికి వచ్చింది. నా వైపే చూసి అడిగింది.

"అయితే నీ దేవుడు గూడ గిట్లనేనా బాపూ?"

నలభై ఏళ్ళు ప్రసంగాలు దంచిన నోరు నాది, అయినా రత్నమ్మే జవాబు చెప్పింది.

"ఆయన గిట్లాంటోడైతే, నిన్ను బతికియ్యనీకి ఈయన పరువు నడిరోడ్ల తీస్తడా బిడ్డా?"

కమిలి లాల్య దిక్కు తిరిగి "దవాఖానకు పోదాం పా" అంది. ఉద్యమంవాళ్ళే రాళ్ళు జరిపి, ఒక మోటారు సైకిలు ఇచ్చి వాళ్ళిద్దరినీ మహబూబాబాద్ పంపించారు. ఏ బండీ కదలని రోజు అది.

డాక్టరు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలన్నాడు, ఈసారి సూదులతో సహా. ఆమె కష్టపడి మింగిన నాలుగు నెలలూ నా రెండు మాటలతో పోయాయి. మా నాలుగు కుటుంబాలు వంతులు వేసుకుని, వారానికొక ఇల్లు తండాకు పోయి, పొలం పనీ ఇంటి పనీ చేసి పెట్టి, ఆమెతో కలిసి ప్రార్థించి వచ్చాయి. రత్నమ్మ మొదటి నెలంతా అక్కడే ఉంది. కమిలి బాగయింది, దేవునికే మహిమ! లాల్య మాత్రం ఈనాటికీ నాతో మాట్లాడడు. గడపలోకి వెళితే మంచినీళ్ళు ఇస్తాడు, ముఖం తిప్పుకుంటాడు. ఆయన తప్పేమీ లేదు.

భూపాలపల్లి వైపు ఊళ్ళకు నేను మళ్ళీ వెళ్ళి, మైకు పెట్టించుకుని, తప్పు ఒప్పుకున్నాను. కానీ ఆ రోజు కూటానికి వచ్చినవాళ్ళందరూ మళ్ళీ రాలేదు. కూలికి వలస పోయినవాళ్ళు ఉన్నారు, వాళ్ళలో ఎవరు రోగులో, ఎవరు నా మాట నమ్మి ఏం పారేసుకున్నారో నాకు తెలియదు. అది తలచుకుంటే ముద్ద దిగదు. అందుకే పత్రికవారిని బతిమాలి ఇది వేయించుకుంటున్నాను. తల్లీ, అయ్యా, నువ్వెవరైనా సరే, ఎక్కడున్నా సరే, గోళీలు పారేశానన్న ముసలివాడి సాక్ష్యం విన్నావా? అది అబద్ధం. లేచి దవాఖానకు పో. నా ప్రభువును నమ్ము, ఆయన నాలాంటివాడు కాదు. మహిమ ఆయనకు. సిగ్గు నాకు.